బొమ్మ గీస్తే ఎక్కుతుంది, చెప్తే ఎక్కదు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఒక నాలుగు లైన్లు రాశాను, కొంతమంది పిల్లలు మాటల్లో కంటే బొమ్మల్లో, ఆకారాల్లో ఎక్కువ ఆలోచిస్తారు, వాళ్ళని మొద్దులు అనకండి అని. అంతే, ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా (వాయిస్ పంపినవాళ్ళకి ఒక దండం, ఎనిమిది నిమిషాలు ఎవరైనా మాట్లాడతారా అండీ). సగం మంది "మావాడు కూడా విజువలే" అని మురిసిపోతూ రాశారు, మిగతా సగం మంది బెంగతో. అందరికీ రాయలేను కాబట్టి కొన్ని ఏరాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బాబు నాలుగో తరగతి. ఎక్కాలు ఆరు దాటి రావట్లేదు, డిక్టేషన్‌లో పదికి రెండు, మూడు వస్తాయి. కానీ పాడైపోయిన టేబుల్ ఫ్యాన్ మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు, ఒక్క స్క్రూ మిగల్లేదు. రెండేళ్ళ కింద ఒక్కసారి వెళ్ళిన మా ఆడపడుచు వాళ్ళింటికి ఏ సందులో తిరగాలో వాడే చెప్పాడు. మాల్‌లో ఒక సెంటర్ వాళ్ళు పది వేళ్ళ ముద్రలు తీసుకుని నలభై పేజీల రిపోర్ట్ ఇచ్చారు, విజువల్ లెర్నర్, కుడి మెదడు పిల్లాడు అని. ఆరు వేలు కట్టాం. ట్యూషన్ మాన్పించి వాళ్ళ వీడియోలతో చదివించమంటున్నారు. మా వారేమో వీడికి ఉత్త బద్ధకం అంటారు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ రిపోర్ట్ సంగతి తేల్చేద్దాం. దాన్ని అటక మీద పెట్టేయండి. వేలి గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి, వాటిని చూసి వీడికి లెక్కలు వస్తాయా, సంగీతం వస్తుందా అని చెప్పడం చిలక జోస్యం లాంటిదే, కాకపోతే చిలక ఇరవై రూపాయలకి చెప్తుంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ పరీక్షకి శాస్త్రీయమైన ఆధారం లేదని చెప్పింది. కుడి మెదడు వాళ్ళకి బొమ్మలు, ఎడమ మెదడు వాళ్ళకి మాటలు అనే కథ కూడా అంతే, ఫ్యాన్ విప్పేటప్పుడు మీవాడికి రెండు వైపులా పనిచేశాయి, అందులో ఏ అనుమానం అక్కర్లేదు.

ఆ నలభై పేజీల కంటే మీరు రాసిన రెండు లైన్లు నాకు ఎక్కువ పనికొచ్చాయమ్మా. ఫ్యాన్ విప్పి బిగించాడంటే ఏ ముక్క దేని వెనకుండేదో, ఏది ఎటు తిరిగి ఉండేదో తలలో పెట్టుకుని, మళ్ళీ వెనక్కి నడిపించాడన్నమాట. దారి గుర్తుండటం కూడా ఆ కోవలోదే. దీన్ని స్పేషియల్ ఎబిలిటీ అంటారు, మనం ఆకారాల తెలివి అనుకుందాం. అమెరికాలో డెన్వర్‌లో లిండా సిల్వర్‌మన్ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు, తెలివైన పిల్లల్ని పరీక్షించడమే ఆవిడ పని. కష్టమైన బొమ్మల లెక్కలు టకటకా చేసేసి తేలికైన మాటల ప్రశ్నల దగ్గర తడబడే పిల్లలు కొందరు కనబడ్డారు ఆవిడకి, 1981లో వాళ్ళకి విజువల్ స్పేషియల్ లెర్నర్ అని పేరు పెట్టారు. ఆవిడ చెప్పే గుర్తులు ఇలా ఉంటాయి, మొత్తం ముందు చూసి తర్వాత ముక్కలు పట్టుకుంటారు, జవాబు చెప్తారు కానీ ఎలా వచ్చిందో స్టెప్పులు రాయలేరు, చేతిరాత బాగోదు, టైము మీద లెక్క ఉండదు, బట్టీ అంటే చికాకు, లెగో, జిగ్‌సా, మ్యాపులు ఇస్తే తిండి కూడా గుర్తుండదు.

చదువుతుంటే మీవాడిని చూసి రాసినట్టు లేదూ? అక్కడే కాస్త ఆగాలి. ఇలాంటి లిస్టులు వార ఫలాల్లాంటివి, ఎవరు చదివినా సగం తగులుతాయి. చేతిరాత బాగోని పిల్లాడు, బట్టీ ఇష్టం లేని పిల్లాడు ఏ ఇంట్లో లేడు చెప్పండి. అందుకే నేను లిస్టు చూడను, పని చూస్తాను. ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి మూల కత్తిరించి, విప్పితే చిల్లు ఎక్కడెక్కడ వస్తుందో విప్పకముందే గీయమంటాను. లేదంటే, వాళ్ళింటి డాబా మీద నించుని కిందకి చూస్తే బడికి వెళ్ళే దారి ఎలా కనబడుతుందో బొమ్మ వెయ్యమంటాను. ఇది బాగా చేసే పిల్లలు కొందరు మొదటి బెంచీలో ఉంటారు, కొందరు చివరి బెంచీలో, దానికీ ర్యాంకుకీ సంబంధం ఉన్నట్టు నాకైతే ఇరవై రెండేళ్ళ టీచరు ఉద్యోగంలో అనిపించలేదు.

ఇక ఎక్కాలు. ఒక గళ్ళ నోటు కొనండి. ఏడు ఎనిమిదులు చెప్పకుండా, అడ్డంగా ఎనిమిది గళ్ళు, నిలువుగా ఏడు వరసలు ఉండే పెట్టె గీయమనండి. ఇప్పుడు పైనుంచి ఐదు వరసల కింద ఒక గీత కొట్టమనండి. పైన ఉన్నది ఐదు ఎనిమిదులు, అది వాడికి వచ్చు, నలభై. కింద మిగిలింది రెండు ఎనిమిదులు, పదహారు. మొత్తం యాభై ఆరు. ఇది వాడు ఒకసారి కళ్ళతో చూస్తే, రేపు ఏడు ఎనిమిదులు మర్చిపోయినా మళ్ళీ కట్టుకోగలడు, పాటలా బట్టీ పట్టిన పిల్లాడు ఒక మెట్టు మర్చిపోతే మళ్ళీ ఏడొకటి ఏడు నుంచి మొదలుపెట్టాలి. నేను ఆరో తరగతి పిల్లలకి పద్నాలుగు ఆర్లు ఇలాగే చేయించేదాన్ని, పది ఆర్లు ఒక పెట్టె, నాలుగు ఆర్లు ఒక పెట్టె, ఒకడు లేచి "టీచర్, ఇది స్థలం ప్లాట్లు చేసినట్టే ఉంది" అన్నాడు, వాళ్ళ నాన్న రియల్ ఎస్టేట్ లెండి. అలాగని బట్టీ పూర్తిగా తప్పుతుందని కాదు, చివరికి నోటికి రావాల్సిందే, పెట్టెల్లోంచి వెళ్తే తొందరగా వస్తుంది అంతే.

డిక్టేషన్ మాత్రం వేరే సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కటే అయితే సగం తప్పు ఆ భాషదే. తెలుగులో కూడా చూసి చదవడానికి కష్టపడుతున్నాడా, ఒత్తులు మింగేస్తున్నాడా, ప, ష, స తారుమారు చేస్తున్నాడా, ఒకే లైను రెండోసారి చదివినా మొదటిసారి లాగే కూడబలుక్కుంటున్నాడా చూడండి. అలా ఉంటే అది డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో, రాయడంలో ఉండే ఇబ్బంది కావచ్చు, విజువల్ లెర్నర్ అన్న పేరు తగిలించి ఊరుకుంటే వాడికి అన్యాయం చేసినట్టే. బొమ్మలు బాగా వేస్తాడు కాబట్టి చదవడం రాదు అని ఏమీ లేదు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని ఒక సెంటర్ ఉంటుంది, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఇలాంటివి ఫ్రీగా చూస్తారు, అక్కడికి తీసుకెళ్ళండి. 2016 వికలాంగుల చట్టంలో ఈ చదువు ఇబ్బందిని కూడా చేర్చారు, తేలితే పరీక్షల్లో అదనపు టైము లాంటివి అడిగే హక్కు ఉంటుంది.

వీడియోల మాట. వీడియో చూడటం, బొమ్మల్లో ఆలోచించడం ఒకటి కాదమ్మా. వీడియోలో బొమ్మ ఇంకెవరో వేశారు, అది కళ్ళ ముందు నుంచి జారిపోతుంది. మీవాడు చెయ్యి ఆడించాలి, గీయాలి, మడవాలి, విప్పాలి. ట్యూషన్ మాన్పించకండి, ఆ ట్యూషన్ సార్‌కి ఒక గళ్ళ నోటు చూపించండి. మీ వారికి నా తరఫున ఒక్క మాట చెప్పండి, బద్ధకస్తుడు ఫ్యాన్ విప్పుతాడేమో కానీ బిగించడు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ట్రైనింగులో పిల్లలు మూడు రకాలు, కంటివాళ్ళు, చెవివాళ్ళు, చేతివాళ్ళు, క్లాసులో అందర్నీ విడదీసి ఎవరి పద్ధతిలో వాళ్ళకి చెప్పాలన్నారు. నా క్లాసులో అరవై రెండు మంది. ఒక పాఠం మూడుసార్లు చెప్పే ఓపిక లేదు. అసలిది నిజమేనా? – శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచరు

జవాబు: మాస్టారూ, ఓపిక దాచుకోండి, మూడుసార్లు అక్కర్లేదు. ఈ లెర్నింగ్ స్టైల్స్ మాట చాలా ఏళ్ళుగా ఉంది, 1990ల్లో న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ తయారుచేసిన ప్రశ్నల పట్టిక దాన్ని ఇంకా ఊరూరా తిప్పింది, మన ట్రైనింగుల్లోకి అక్కడా ఇక్కడా తిరిగి తిరిగి వచ్చింది. వినడానికి ఎంత బాగుంటుందంటే కాదనబుద్ధి కాదు. కానీ 2008లో అమెరికాలో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు కలిసి అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: కంటివాళ్ళు అనుకున్న పిల్లలకి బొమ్మలతో చెప్తే, చెవివాళ్ళు అనుకున్న పిల్లలకి మాటలతో చెప్తే, అటూ ఇటూ మార్చి చెప్పినప్పటి కంటే బాగా నేర్చుకుంటున్నారా? దీన్ని సరిగ్గా పరీక్షించినవే చాలా తక్కువ, ఆ పరీక్షించిన వాటిలో కూడా ఎక్కువ కాదనే తేల్చాయి. పిల్లాడికి ఏది ఇష్టం అన్నది ఒకటి, వాడికి దేనితో వస్తుంది అన్నది ఇంకొకటి. మావాడికి పూరీ ఇష్టం, పూరీతోనే కండ పడుతుందంటే ఎలా.

అయితే పోయిన నెల మీరే కదా బొమ్మల్లో ఆలోచించే పిల్లలున్నారన్నారు అని మీరు అడుగుతారు. ఉన్నారు. ఆకారాల తెలివి నిజం, కొలవొచ్చు కూడా. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు, ఇటుకలు పేర్చినట్టుండే బొమ్మలు రెండేసి చూపించి, తిప్పి చూస్తే ఇవి రెండూ ఒకటేనా కాదా చెప్పమన్నారు. ఒక బొమ్మ ఎంత ఎక్కువ డిగ్రీలు తిరిగి ఉంటే జవాబుకి అంత ఎక్కువ టైము పట్టింది, అంటే మనుషులు తలలో ఆ బొమ్మని నిజంగానే తిప్పి చూస్తున్నారు. ఇందులో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, పొడుగూ పొట్టీ ఉన్నట్టే. తేడా ఉంది అనడం వేరు, కాబట్టి నువ్వు ఈ గదిలో కూర్చో, నువ్వు ఆ గదిలో కూర్చో అనడం వేరు, నేను మొదటిదానికి ఒప్పుకుంటాను, రెండోదానికి ఒప్పుకోను.

మీరు చెయ్యాల్సింది పిల్లాణ్ణి బట్టి కాదు, పాఠాన్ని బట్టి. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో మాటల్లో చెప్తే ఎవరికీ ఎక్కదు, చెవివాడనుకున్న వాడికి కూడా, నాసిక్ దగ్గర చుక్క పెట్టి తూర్పుకి గీత లాగాల్సిందే. వేమన పద్యం అరవై రెండు మందికీ చెవితోనే ఎక్కాలి, దానికి కార్టూన్ అక్కర్లేదు. ఛందస్సు చూడండి, ఎంత తమాషాగా ఉంటుందో, యమాతారాజభానసలగం అని గణాలు నోటితో పట్టుకుంటాం, గురువు లఘువు గుర్తులు మాత్రం అక్షరాల నెత్తిన గీసి కంటితో లెక్కపెడతాం. మాట, బొమ్మ రెండూ కలిపి ఇస్తే జ్ఞాపకానికి రెండు కొక్కేలు దొరుకుతాయి, కెనడాలో అలన్ పైవియో అనే ఆయన 1971లోనే పుస్తకం రాశాడు దీని మీద. మీరు బోర్డు మీద గీస్తూ చెప్పండి, గీసిన బొమ్మ పక్కనే పేరు రాయండి, చివరి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి పిల్లల చేత అదే బొమ్మ గుర్తుతో గీయించండి. అప్పుడు మీకే కనబడతారు, రాతలో వెనకబడి బొమ్మలో ముందున్న నలుగురైదుగురు. మార్కులు ఇచ్చేటప్పుడు వాళ్ళని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. మా పాప సెకండ్ గ్రేడ్. స్కూల్లో కాగాట్ అనే తెలివి పరీక్ష రాసింది, నాన్‌వెర్బల్‌లో (బొమ్మల భాగం) చాలా ఎక్కువ, వెర్బల్‌లో (మాటల భాగం) బాగా తక్కువ. తెలివైన పిల్లలకి విడిగా నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లో సీటు రాలేదు. ఫ్రెండ్స్ అందరూ ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషే మాట్లాడండి అంటున్నారు. మా అమ్మగారికి ఇంగ్లీషు రాదు. – ఒక తండ్రి

జవాబు: మానకండి బాబూ, మీ అమ్మగారి నోరు కట్టేసి తెచ్చుకునే సీటు వద్దు. ఆ టెస్టులో మాటలకి ఒక భాగం, అంకెలకి ఒకటి, బొమ్మలకి ఒకటి ఉంటాయి, బొమ్మల భాగంలో కాగితం మడిచి చిల్లు పెట్టే ప్రశ్నలు కూడా ఉంటాయి, నేను పైన చెప్పానే, అదే ఆట. మాటల భాగం ఎక్కువగా ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగిన పిల్లలతో పోల్చి కొలుస్తారు, మీ పాప రెండు భాషలు మోస్తోంది. తెలుగులో కథలు బాగా చెప్తుందా? అలా అయితే మాటల తెలివి తక్కువని నేను అనుకోను, తెలుగులో కూడా మాట కూర్చుకోలేక ఆగిపోతుంటే అప్పుడు స్కూల్లో స్పీచ్ వాళ్ళని అడగండి.

సీటు విషయంలో మీకు ఒక పాత కథ. 1921లో కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అనే పెద్ద ప్రొఫెసరు మేధావి పిల్లల్ని ఏరడానికి బయల్దేరాడు, ఐక్యూ పరీక్ష పెట్టి. ఆ పరీక్షలో మాటల వాటా ఎక్కువ. కటాఫ్ అందక బయట ఉండిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ ఒకడు, లూయిస్ అల్వారెజ్ ఒకడు. షాక్లీకి 1956లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది ట్రాన్సిస్టర్‌కి, అల్వారెజ్‌కి 1968లో వచ్చింది. టెర్మన్ ఏరుకున్న పదిహేను వందల మందికి పైగా పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. ఆ తర్వాత 1960లో అమెరికాలో సుమారు నాలుగు లక్షల మంది హైస్కూలు పిల్లల్ని పరీక్షించి పదకొండేళ్ళ తర్వాత ఏమయ్యారో చూశారు, ఇంజినీరింగ్, ఫిజికల్ సైన్సుల్లో తేలినవాళ్ళలో ఆకారాల తెలివి గట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కువ. ఇవన్నీ చెప్పి స్కూలు వాళ్ళతో పోట్లాడమని కాదు, మళ్ళీ పరీక్ష ఎప్పుడో కనుక్కోండి, మామ్మ చేత ముగ్గు పెట్టించండి. నిజంగా అంటున్నాను, పదిహేను చుక్కలు ఎదురు చుక్క పెట్టి మెలికల ముగ్గు ఎక్కడ మొదలెట్టి ఎక్కడ కలపాలో పిల్ల చేత చూడకుండా చెప్పించండి, ఆ పని చేసే వర్క్‌బుక్ మీ దగ్గర ఎంత డాలర్లు పెట్టినా దొరకదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు నలభై ఒకటి. పదో తరగతి తప్పాను. జాకెట్లు కుడతాను. కస్టమర్‌ని చూస్తే చాలు, ఎక్కడ డాట్ పడాలో, చంక ఎంత దించాలో గుడ్డ మీద గీత కనిపిస్తుంది నాకు. కానీ మనుషుల పేర్లు గుర్తుండవు, లెక్కల పుస్తకం రాయలేను, ఎవరైనా ఫోన్లో చెప్తే సగం పోతుంది. మా అమ్మాయి మీ పేజీ చదివి "అమ్మా ఇది నువ్వే" అంది. పెద్దవాళ్ళలో కూడా ఉంటుందా ఇది? ఈ వయసులో తెలిసి ఏం లాభం? – తెనాలి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను అమ్మా. పెద్దవాళ్ళలో ఉండకపోవడమేంటి, పిల్లలే కదా పెద్దయ్యేది. కాకపోతే పెద్దవాళ్ళు అప్పటికే తమకి సరిపడే పని వెతుక్కుని సర్దుకుపోతారు, అందుకని ఎవరికీ కనబడదు. మేస్త్రీలు, వడ్రంగులు, వెల్డింగ్ షాపువాళ్ళు, లారీ రివర్స్ చేసే క్లీనర్లు, వీళ్ళలో ఎంతమంది మీలాంటివాళ్ళో.

మీరు చేసేది మామూలు పని అనుకుంటున్నారు, కాదు. బల్ల మీద పరిచిన గుడ్డ చదునుగా ఉంటుంది, వేసుకునే మనిషి గుండ్రంగా ఉంటుంది, ఆ చదునైనదాన్ని ఎక్కడ కోసి ఎక్కడ చిటికెడు లోపలికి మడిస్తే ఒంటికి పట్టుకుంటుందో కుట్టకముందే చూడాలి, క్రాస్ కట్ అయితే గుడ్డ నేత ఎటు సాగుతుందో అదీ చూడాలి. ఆది జాకెట్టు ఉన్నా సరే, మనిషి రెండు కిలోలు పెరిగి వస్తే ఆ ఆది మీద ఎంత వదలాలో తలలోనే సాగదీయాలి. నాకు కుట్టు నేర్పించాలని మా అత్తగారు రెండేళ్ళు ప్రయత్నించి, లంగా బొందు దగ్గర ఆపేశారు. పోచంపల్లి వాళ్ళని చూడండి, వాళ్ళది ఇంకా విచిత్రం, నేసిన చీర మీద రంగు వెయ్యరు, నెయ్యకముందే నూలు మీద ఎక్కడెక్కడ రబ్బరుతో కట్టి రంగులో ముంచాలో ముందే లెక్క కట్టుకుంటారు, మగ్గం మీద పడుగూ పేకా కలిశాక అప్పుడు ఏనుగో చిలకో బయటపడుతుంది. చీర ఇంకా పుట్టలేదు, వాళ్ళకి మాత్రం కనబడుతోంది.

ఇందులో రెండు దార్లున్నాయి, ఇది చాలామందికి తెలియదు. మారియా కోజెవ్నికోవ్ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు తేల్చిందేంటంటే, కంటితో ఆలోచించేవాళ్ళందరూ ఒకటి కాదు, కొంతమందికి రంగు, మెరుపు, నేత అచ్చు ఫోటోలా గుర్తుంటాయి, కొంతమందికి ఆకారం, కొలత, ఏది ఎటు తిరుగుతుంది అన్నది గుర్తుంటుంది, ఒకదాంట్లో గట్టివాళ్ళు రెండోదాంట్లో గట్టిగా ఉండాలని లేదు. చీరల షాపులో పోయినేడాది మీరు కొన్న చీర అంచు రంగు చెప్పేసే సేల్స్‌మన్ మొదటి రకం. మీ మాటల్ని బట్టి మీరు రెండో రకం, మ్యాచింగ్ లైనింగ్ దగ్గర మీ అమ్మాయిని అడుగుతారేమో, నా ఊహ తప్పయితే రాయండి.

తెలిసి ఏం లాభం అన్నారు. లాభం లెక్కల పుస్తకం దగ్గర ఉంది. పేరు రాయకండి, రాసినా గుర్తుండదు. పేజీకి ఒక కస్టమర్, పైన గుడ్డ ముక్క పిన్ను కొట్టండి, పక్కన మెడ బొమ్మ గీసి దాని మీదే కొలతలు వెయ్యండి, డబ్బులు ఇవ్వాల్సినవాళ్ళ పేజీ మూల మడిచి పెట్టండి, ఇచ్చాక విప్పేయండి. ఫోన్లో చెప్తే పోతుంది అన్నారు కదా, ఫోటో పంపమనండి, మెడ ఎలా కావాలో ఒక గీత గీసి పంపమనండి. ఇక పదో తరగతి, అది పూర్తి చెయ్యాలని మనసులో ఉంటే ఓపెన్ స్కూల్ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, వయసు అడ్డు కాదు. లేకపోతే మానేయండి, మీ చేతిలో పని ఉంది. ఒకటి మాత్రం, పేర్లు మర్చిపోవడం ఎప్పటినుంచో ఉంటే బెంగ లేదు, ఈ ఏడాదే మొదలైతే డాక్టరుకి చూపించుకోండి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ సెకండియర్, హాస్టల్. త్రీడీ జామెట్రీ, ఆర్గానిక్‌లో ఆప్టికల్ ఐసోమర్లు అస్సలు కనిపించట్లేదు కళ్ళముందు. ఫార్ములా బట్టీ పట్టి లాగుతున్నా. నాకు బీఆర్క్ చెయ్యాలని ఉంది, దానికి నాటా ఎంట్రన్స్ రాయాలి. మా లెక్చరర్ "అమ్మాయిలకి ఇది పుట్టుకతో రాదు, వదిలేయ్" అన్నారు. – విజయవాడ

జవాబు: వదలకు తల్లీ. సగటున చూస్తే ఆ తిప్పే బొమ్మల పరీక్షలో అబ్బాయిలకి కాస్త ఎక్కువ మార్కులు వస్తాయన్నది నిజమే, మీ సార్ అంతవరకే చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. 2013లో డేవిడ్ ఉటాల్, ఆయన టీమ్ ఈ ఆకారాల తెలివికి శిక్షణ ఇస్తే పెరుగుతుందా అని 217 పరిశోధనలు కలిపి చూశారు. పెరుగుతుంది, ఆడా మగా ఇద్దరికీ, పైగా శిక్షణ ఆపాక కూడా నిలుస్తుంది. మిషిగన్ టెక్‌లో షెరిల్ సార్బీ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసరు, తనే డ్రాయింగ్‌లో ఇబ్బంది పడిన మనిషి, 1993లో ఫస్టియర్ పిల్లల కోసం ఒక చిన్న కోర్సు మొదలుపెట్టారు, దిమ్మలు పేర్చి గీయడం, తిప్పి గీయడం, కోసి గీయడం, అంతే. అది చదివిన అమ్మాయిలు ఇంజినీరింగ్ మధ్యలో వదిలేయడం తగ్గింది. లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి కూడా విని ఉంటావు, పాతికవేల వీధులు బట్టీ పట్టి లైసెన్సు తెచ్చుకుంటారు, వాళ్ళ మెదడు స్కాన్ చేస్తే దారులు గుర్తుంచుకునే చోటు వెనక భాగం పెద్దదై ఉందని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపించింది. అలా పుట్టారేమో అన్నారు కొందరు, నేర్చుకోకముందు ఒకసారి, నేర్చుకున్నాక ఒకసారి స్కాన్ చేసి చూస్తే పాసైన వాళ్ళకే పెరిగింది.

హాస్టల్లో ఏం చెయ్యాలి. మెస్‌లో గుప్పెడు నానేసిన శనగలు అడుగు, చీపురు నుంచి నాలుగు పుల్లలు విరుచు. మధ్యలో ఒక శనగ, అది కార్బన్. నాలుగు పుల్లలు గుచ్చు, ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండేలా. మొదట నువ్వు ప్లస్ గుర్తులా గుచ్చుతావు, అందరూ అంతే. అప్పుడు ఒక పుల్ల పైకి లేపు, మిగతా మూడూ కిందకి ఒరుగుతాయి, మూడు కాళ్ళ స్టాండులా నిలబడుతుంది టేబుల్ మీద, పుల్లకీ పుల్లకీ మధ్య కోణం అదే 109.5 డిగ్రీలు. పుల్లల చివర్లకి నాలుగు రకాలు గుచ్చు, ఒకటి శనగ, ఒకటి బఠానీ, ఒకటి వేరుశనగ గుండు, ఒకటి చింతగింజంత మైనం. ఇంకొకటి అచ్చం అలాంటిదే చేసి ఏవైనా రెండు మాత్రం తారుమారు చెయ్యి. ఇప్పుడు ఈ రెండింటినీ ఎంత తిప్పినా ఒకదాని మీద ఒకటి కూర్చోవు, ఒకదాన్ని అద్దంలో చూస్తే మాత్రం అచ్చం రెండోదానిలా కనబడుతుంది. ఆప్టికల్ ఐసోమర్లు అంటే ఇంతే, పేజీ మీద గీతల్లో అది కనబడకపోవడం నీ తప్పు కాదు, పేజీ చదునుగా ఉంటుంది. శంకుచ్ఛేదాలకి క్యారెట్ చాలు, అడ్డంగా కోస్తే వృత్తం, ఏటవాలుగా కోస్తే ఎలిప్స్. చెయ్యడం, ఆ వెంటనే చూడకుండా గీయడం, మళ్ళీ చూసి దిద్దుకోవడం, రోజుకి పావుగంట. నెల తర్వాత రాయి నాకు.

ప్రశ్న: నాకు కళ్ళు మూసుకుంటే ఏమీ కనబడదు, మా అమ్మ ముఖం కూడా. అందరికీ బొమ్మలు కనబడతాయని మీ పేజీ చదివాకే తెలిసింది. నాకేమైనా జబ్బా? – 29 ఏళ్ళు, బెంగళూరు

జవాబు: జబ్బు కాదు. దానికి అఫాంటేసియా అని 2015లో ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్టు పేరు పెట్టారు, అంతకు ముందు 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ జనాన్ని పొద్దున టిఫిన్ టేబుల్ తలుచుకుని ఏం కనబడుతోందో చెప్పమని అడిగితే కొంతమంది ఏమీ లేదన్నారు. పిక్సార్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరు ఎడ్ క్యాట్మల్, కంప్యూటర్ బొమ్మలకి ప్రాణం పోసిన మనిషి, ఆయనకీ ఏమీ కనబడదు. బొమ్మ కనబడకపోయినా ఏది ఎక్కడ ఉందో తెలియడం వేరే సంగతి, అది మీకు బాగానే ఉండొచ్చు. చిన్నప్పటినుంచీ ఇంతే అయితే హాయిగా ఉండండి, అమ్మ ఫోటో ఫోన్లో పెట్టుకోండి.

ప్రశ్న: మా మనవడికి ఐదేళ్ళు. ఇంగ్లీషు బి, డి తిప్పి రాస్తాడు. విజువలా, డిస్లెక్సియానా? – నెల్లూరు తాతయ్య

జవాబు: ఐదేళ్ళు తాతగారూ. ఆ వయసులో చాలామంది పిల్లలు తిప్పే రాస్తారు, చెంబుని ఎటు తిప్పినా చెంబే కదా, అక్షరం ఎందుకు మారాలి అని వాడి లాజిక్కు, అదీ న్యాయమే. ఏడు దాటాక కూడా అలాగే ఉండి, చదవడం కూడా కష్టమైతే అప్పుడు చూద్దాం. ఈలోపు ఇసకలో వేలితో రాయించండి.

ప్రశ్న: ఇంత చెప్తున్నారు, మీరు ఏ టైపు మేడమ్? – చాలామంది

జవాబు: నేను చెవి మనిషిని. సారీ, అలాంటి టైపులు లేవని పైన నేనే రాశాను, అంచేత ఇలా అంటాను, నాకు ఆకారాల తెలివి బాగా తక్కువ. ఫోన్ నంబర్లు రాగం తీస్తే గుర్తుంటాయి, అమీర్‌పేట మెట్రోలో ఏ గేటు బయటికి వచ్చినా కొత్త ఊరే. ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డర్ ప్లాన్ కాగితం ముందుపెట్టి బెడ్‌రూమ్‌లో బీరువా ఇక్కడ వస్తుంది మేడమ్ అంటే అర్థమైనట్టు తలూపాను. మా తమ్ముడు, ఇంటర్ రెండుసార్లు తప్పి ఏసీ మెకానిక్ అయినవాడు, ఆ కాగితం తలకిందులుగా పట్టుకుని కూడా "అక్కా, తలుపు కిటికీ ఊచలకి కొట్టుకుంటుంది చూడు" అన్నాడు. నేను వినలేదు. పదకొండేళ్ళయింది, బీరువా ఎడమ తలుపు ఇప్పటికీ జానెడే తెరుచుకుంటుంది, ఆ అరలో చీర కావాలంటే చెయ్యి దూర్చి తడుముకుని లాగడమే.